రెండు కార్బ్యురేటర్లు, నాలుగు సిలిండర్లు: ఎవరిని ఎవరితో పోల్చాలి?

(హైదరాబాద్‌లో పాత వాహనాల అభిమానుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం. సభికుల ప్రశ్నలను ఎక్కడ అడిగితే అక్కడే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? సరే.

ఇక్కడ జీపులవాళ్లు ఎక్కువ కనిపిస్తున్నారు. రాజ్‌దూత్ 350 వాళ్లు కూడా ఉన్నారు, బయట చప్పుడు వినే లోపలికి వచ్చాను. నేను ఉద్యోగరీత్యా లాస్ ఏంజెలెస్ దగ్గర ఉంటాను. సెలవు దొరికితే పాత ఫోర్డుల దగ్గర చేతులు నల్లబడేలా పనిచేస్తుంటాను. ఇవాళ మాట్లాడబోయేది అక్కడి బండి గురించే. 1927 చివరి నుంచి 1931 దాకా తయారైన ఫోర్డ్ మోడల్ ఏ, దాని నాలుగు సిలిండర్ల ఇంజన్, దాని మీద గాలిలో పెట్రోలు కలిపే రెండు స్ట్రాంబర్గ్ కార్బ్యురేటర్లు. అక్కడివాళ్లు ఈ ఇంజన్‌ని ముద్దుగా బ్యాంగర్ అంటారు. ఆ రెండు కార్బ్యురేటర్లనీ ఎలా సర్దాలన్నదే విషయం.

ముందు కథ కాస్త చెప్పుకుని వెళ్దాం. మోడల్ ఏలు 48 లక్షలకు పైగా తయారయ్యాయి. 1930లలో అవి పాతబడి చవగ్గా దొరికేవి. దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్లు వాటిని కొని, మడ్‌గార్డులూ టాపూ పీకేసి బరువు తగ్గించి, మొహావీ ఎడారిలో మ్యూరాక్ అనే ఎండిపోయిన సరస్సు మీద ఎంత స్పీడు వస్తుందో చూసుకునేవాళ్లు. 1937లో దక్షిణ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ పుట్టింది కూడా ఈ క్లబ్బుల గోలలోంచే. ఫోర్డ్ 1932లోనే ఎనిమిది సిలిండర్ల వీ8 తెచ్చింది. కానీ జేబులో చిల్లర లెక్కపెట్టుకునే కుర్రాడికి నాలుగు సిలిండర్లదే అందుబాటు. ఎడ్ విన్‌ఫీల్డ్, జార్జ్ రైలీ లాంటివాళ్లు ఈ ఇంజన్ కోసం హెడ్లు తయారుచేశారు. విన్‌ఫీల్డ్ అయితే కార్బ్యురేటర్లు, క్యామ్‌షాఫ్టులు కూడా చేశాడు. 1936లో ఫోర్డ్ వీ8 మీద స్ట్రాంబర్గ్ 97 వచ్చింది. ఆ వీ8 బళ్లు తుక్కు యార్డులకు చేరడం మొదలయ్యాక అవి చేతికి చవగ్గా అందాయి. అంతే, బ్యాంగర్ల మీదకు జంటలు జంటలుగా ఎక్కాయి.

ఇక ఇంజన్. 200.5 క్యూబిక్ అంగుళాలు, మన లెక్కలో 3.3 లీటర్లు. 2200 ఆర్‌పీఎం దగ్గర 40 హార్స్‌పవర్. కంప్రెషన్ నిష్పత్తి 4.22. ఈ అంకె విని నవ్వొస్తుంది కానీ అప్పటి పెట్రోలుకి అది చాలు. వాల్వులు హెడ్‌లో ఉండవు, బ్లాకులో పక్కన ఉంటాయి, ఇలాంటిదాన్నే ఫ్లాట్‌హెడ్ అంటారు. మీలో పాత విలీస్ జీపు ఇంజన్ విప్పినవాళ్లకి ఈ అమరిక తెలుసు. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు కింద ఒకే ఒక్క జెనిత్ కార్బ్యురేటర్ ఉండేది, గాలి కింది నుంచి పైకి లాగేది. పెట్రోలు ట్యాంకు డ్యాష్‌బోర్డు దగ్గరే, అద్దం ముందు. పంపు లేదు, ఏమీ లేదు. కిందికి దానంతటదే కారేది.

రెండు కార్బ్యురేటర్లు ఎందుకు అని అడిగితే చాలామంది "పవర్ కోసం" అంటారు. ఒక్కసారి లెక్క వేద్దాం. ఫోర్ స్ట్రోక్ ఇంజన్ రెండు చుట్లకొకసారి తన సైజంత గాలి పీలుస్తుంది. నిమిషానికి 4000 చుట్లు అనుకోండి, 2000 సార్లు 200 క్యూబిక్ అంగుళాలు, అంటే 4 లక్షలు. ఘనపు అడుగుల్లోకి మార్చడానికి 1728తో భాగిస్తే 231. ఫ్లాట్‌హెడ్ సిలిండరు ఎప్పుడూ పూర్తిగా నిండదు, 75 శాతం వేసుకుంటే నిమిషానికి దాదాపు 174 ఘనపు అడుగులు. ఒక్క స్ట్రాంబర్గ్ 97 సుమారు 150 ఇస్తుంది. అంటే ఒకటే దాదాపు సరిపోతోంది! రెండు 97లు పెడితే ఇంజన్‌కి అక్కర్లేనంత నోరు తెరిచినట్టే. మరి రెండెందుకు? మధ్యలో ఒకటే ఉంటే పెట్రోలు కలిసిన గాలి చివరి సిలిండర్ల దాకా వంకర తిరిగి వెళ్లాలి, దారిలో పెట్రోలు గోడలకి అంటుకుంటుంది. ఇంజన్‌లోకి గాలి వెళ్లే ద్వారాన్ని పోర్టు అంటాం, ఒక్కొక్క పోర్టు మీద ఒక్కొక్కటి కూర్చుంటే దారి దగ్గరవుతుంది, నిటారుగా ఉంటుంది. అసలు లాభం అది.

అందుకే వీధుల్లో తిరిగే బండికి నా ఓటు స్ట్రాంబర్గ్ 81కి. 97 అంటే లోపలి వెంచురీ, అంటే గాలి వెళ్లే గొంతులో ఇరుకు చోటు, దాని వ్యాసం 0.97 అంగుళం, 81 అంటే 0.81. వ్యాసంలో తేడా కొంచెమే అనిపిస్తుంది కానీ వైశాల్యం 30 శాతం తగ్గుతుంది. వెంచురీ ఇరుకైతే తక్కువ స్పీడులో కూడా గాలి వేగంగా వెళ్లి పెట్రోలుని బాగా లాగుతుంది. 97లు చూడ్డానికి బాగుంటాయి, పేరుంది, ఇప్పుడు ఇంగ్లండ్‌లో కొత్తవి కూడా తయారవుతున్నాయి. పెట్టుకోవద్దనను. కానీ రెండు 97లు పెట్టుకుని "సార్, కింద నుంచి పికప్ లేదు" అంటే అది ట్యూనింగ్‌తో పూర్తిగా పోయే జబ్బు కాదు.

ఇప్పుడు చెప్పబోయేది కాస్త శ్రద్ధగా వినండి. నేను ఈ టాపిక్ ఎంచుకున్నదే దీనికోసం.

మోడల్ ఏ బ్లాకులో నాలుగు సిలిండర్లకి ఎగ్జాస్ట్ పోర్టులు నాలుగున్నాయి. ఇన్‌టేక్ పోర్టులు రెండే. ముందు పోర్టు 1, 2 సిలిండర్లది. వెనక పోర్టు 3, 4 సిలిండర్లది. ఫైరింగ్ ఆర్డర్ 1-2-4-3. దీన్ని పీల్చే వరుసగా చదవండి. ముందు పోర్టులోంచి 1 పీలుస్తుంది, వెంటనే అదే పోర్టులోంచి 2 పీలుస్తుంది. తర్వాత వెనక పోర్టులోంచి 4, వెంటనే 3. అంటే ఒక్కో కార్బ్యురేటర్ రెండు గుక్కలు వెంటవెంటనే ఇచ్చి, తర్వాత ఒక పూర్తి చుట్టు ఖాళీగా కూర్చుంటుంది. పైగా ఇన్‌టేక్ వాల్వు 180 డిగ్రీల కంటే ఎక్కువసేపు తెరిచి ఉంటుంది కాబట్టి, 1 ఇంకా మూసుకోకముందే 2 లాగడం మొదలుపెడుతుంది. ఒకే పోర్టు మీద పోటీ. మొదట లాగేవాడికీ రెండో వాడికీ ఒకే రకం సరుకు రాదు.

దీంతో మనకు ఒక మేలు ఉంది. ముందు పోర్టులో మొదట లాగేది 1, వెనక పోర్టులో మొదట లాగేది 4. రెండో వాళ్లు 2, 3. కాబట్టి పోల్చాల్సి వస్తే 1ని 4తో పోల్చండి, 2ని 3తో పోల్చండి. నూటికి తొంభై మంది 1 ప్లగ్గునీ 2 ప్లగ్గునీ పక్కపక్కన పెట్టి, రంగు తేడా ఉందని స్క్రూ తిప్పుతారు. ఆ తేడా స్క్రూది కాదు, ఇంజన్ అమరికది. ఏ స్క్రూ తిప్పినా అది పోదు. 1కీ 4కీ తేడా ఉంటే మాత్రం అది మన పని, ముందు కార్బ్యురేటరుకీ వెనక కార్బ్యురేటరుకీ ఉన్న తేడా అన్నమాట.

రాజ్‌దూత్ 350 వాళ్లకి ఈ తలనొప్పి లేదు. సిలిండరుకొక కార్బ్యురేటర్, ఎవరి గిన్నె వారిది. స్లయిడ్లు రెండూ ఒకేసారి లేస్తున్నాయా అని మెకానిక్కు వేలు పెట్టి చూసేవాడు, సగం పని అక్కడే అయిపోయేది.

సరే, స్క్రూడ్రైవర్ ఎప్పుడు పట్టుకోవాలి? చివర్లో. కార్బ్యురేటర్ జబ్బు అని తెచ్చిన బళ్లలో సగానికి పైగా జబ్బు వేరేచోట ఉంటుంది. ముందు కంప్రెషన్ చూడండి, నాలుగూ ఒకదానికొకటి 10 శాతం లోపు ఉండాలి. ట్యాపెట్ గ్యాప్ చూడండి. పాయింట్ల గ్యాప్ 18 నుంచి 22 థౌ, ప్లగ్గులది 35 థౌ, థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. ఇవి ఫోర్డ్ చెప్పిన అంకెలే. ఈ బండికి ఇంకో విచిత్రం ఉంది. స్పార్క్ అడ్వాన్స్, అంటే స్పార్కు ఎంత ముందుగా పడాలన్నది, స్టీరింగ్ కింద ఎడమవైపు లివరుతో డ్రైవరే మారుస్తాడు. ఆ లివరు ఒక పన్ను కదిలినా ఐడిలింగ్ మారిపోతుంది. మీరు కార్బ్యురేటర్ సర్దుతుండగా పిల్లాడెవడో సీట్లో కూర్చుని లివరు లాగాడనుకోండి, సాయంత్రం దాకా బుర్ర గోక్కుంటారు. (నవ్వులు) లివరు ఎక్కడుందో గుర్తు పెట్టుకుని, పని అయ్యేదాకా అక్కడే వదిలేయండి.

తర్వాత గాలి లీకులు. కార్బ్యురేటర్ నుంచి ఇంజన్‌కి గాలి తీసుకెళ్లే మ్యానిఫోల్డ్ బ్లాకుకి కలిసే చోట, కార్బ్యురేటర్ కింది ప్యాకింగు దగ్గర, అన్నిటికంటే ముఖ్యంగా గాలిని ఆపే, వదిలే పళ్లెం, అదే బటర్‌ఫ్లై, తిరిగే షాఫ్టు చివర్లలో. ఎనభై తొంభై ఏళ్ల నాటి షాఫ్టులు అరిగిపోయి ఉంటాయి. ఇంజన్ నడుస్తుండగా ఆ చివర కార్బ్యురేటర్ క్లీనర్ కొద్దిగా స్ప్రే చేస్తే, లీకుంటే చప్పుడు మారుతుంది. వేడి ఎగ్జాస్టు పక్కనే ఉంది, ఒక్క చుక్క చాలు, అగ్గి తెచ్చుకోకండి. అమ్మకానికి వచ్చే పాత స్ట్రాంబర్గుల్లో చాలావాటికి అద్దంలా పాలిష్ ఉంటుంది, షాఫ్టు పట్టుకుని ఊపితే గలగలలాడుతుంది. పైన పటారం లోన లొటారం. పాలిష్‌కి పెట్టే డబ్బు ముందు బుష్‌కి పెట్టండి.

పెట్రోలు ప్రెషర్ సంగతి. ఒక అడుగు ఎత్తు పెట్రోలు చదరపు అంగుళానికి మూడోవంతు పౌండు కంటే తక్కువ ప్రెషర్ ఇస్తుంది. కింద ఉన్న జెనిత్‌కి అది సరిపోయింది. పైకెక్కిన స్ట్రాంబర్గుకి ట్యాంకు మట్టం మీద ఆ ఎత్తు కూడా మిగలదు, ముఖ్యంగా ట్యాంకు సగం అయ్యాక గుట్ట ఎక్కేటప్పుడు. అందుకని ఎలక్ట్రిక్ పంపు పెడతారు. ఇప్పటి పంపులు 4 నుంచి 7 పౌండ్లు తోస్తాయి. లోపలికొచ్చే పెట్రోలుని ఆపే స్ట్రాంబర్గ్ నీడిల్ వాల్వు రెండున్నర, మూడు పౌండ్లు దాటితే ఆపలేదు. పెట్రోలు పొంగి వెంచురీలోకి కారుతుంది. మీరేమో ఐడిల్‌లో పెట్రోలు పాలు సర్దే మిక్స్చర్ స్క్రూ బిగిస్తూ ఉంటారు. రెగ్యులేటర్ పెట్టి, గేజీ పెట్టి చూడండి. రెగ్యులేటర్ మీద రాసిన అంకెని నేనైతే నమ్మను.

ఫ్లోట్ మట్టం, అంటే బౌల్ అనే గిన్నెలో పెట్రోలు నిలిచే ఎత్తు, 97కి బౌల్ పై అంచు నుంచి కిందికి 15/32 అంగుళం, దాదాపు 12 మిల్లీమీటర్లు. ఇది పొడిగా కొలిచే కొలత కాదు, ఇంజన్ కాసేపు నడిపి ఆపి, మూత తీసి, పెట్రోలు నిలబడిన చోటికి కొలవాలి. రెండింటిలో ఒకే మట్టం ఉండటం ముఖ్యం. ఒకదాంట్లో మిల్లీమీటరు ఎక్కువుంటే అది అన్ని స్పీడుల్లోనూ రిచ్‌గానే, అంటే పెట్రోలు ఎక్కువై నడుస్తుంది, మీరు కింద ఏం చేసినా లాభం లేదు. ఇత్తడి ఫ్లోటుకి చిల్లు ఉందేమోనన్న అనుమానం వస్తే వేడి నీళ్లలో ముంచండి, లోపలి గాలి వ్యాకోచించి బుడగలు పైకి వస్తాయి.

ఇక బల్ల మీద ఒక పని. కార్బ్యురేటర్ని ఇంకా బిగించకముందు, బటర్‌ఫ్లైలు మూసి, కిటికీ వెలుతురుకి ఎత్తి కన్ను పెట్టి చూడండి. స్ట్రాంబర్గుకి రెండు గొంతులుంటాయి, రెండు పళ్లేలు ఒకే షాఫ్టు మీద. అంచు చుట్టూ సన్నటి వెలుగు గీత కనిపిస్తుంది. ఒక గొంతులో ఆ గీత నెలవంకలా ఒక పక్కకే ఉంటే పళ్లెం సరిగ్గా కూర్చోలేదు. స్క్రూలు వదులు చేసి, షాఫ్టు మూసినట్టు పట్టుకుని, పళ్లేన్ని దానంతట దాన్నే సర్దుకోనిచ్చి మళ్లీ బిగించాలి. దీనికి పావుగంట పడుతుంది. చాలామంది ఈ పావుగంట మిగుల్చుకుని తర్వాత ఆదివారాలు పోగొట్టుకుంటారు.

బిగించాక, రెండింటినీ కలిపే లింకేజి రాడ్డు ఊడదీసేయండి. రాడ్డు ఉండగా సర్దితే ఒకదాని తప్పు ఇంకోదాని మీదకు పోతుంది. ఇప్పుడు ఐడిల్ స్పీడు స్క్రూలు రెండూ అసలు తాకనంత వెనక్కి తిప్పండి. స్క్రూ కొనకీ లివరుకీ మధ్య సిగరెట్ కాగితం ముక్క పెట్టి, మెల్లగా బిగిస్తూ కాగితం లాగుతూ ఉండండి. ఎక్కడ కాగితం పట్టుకుంటుందో అక్కడ ఆపండి. అదే సున్నా. అక్కడి నుంచి రెండింటికీ సమానంగా ఒక చుట్టు ఇవ్వండి. మిక్స్చర్ స్క్రూలు కార్బ్యురేటరుకి రెండు, మొత్తం నాలుగు. మెల్లగా చివరిదాకా మూసి, గట్టిగా నొక్కితే కొన మీద గీత పడుతుంది జాగ్రత్త, ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పండి.

స్టార్ట్ చేసి బాగా వేడెక్కనివ్వండి. ఐదు నిమిషాల వేడి చాలదు, మ్యానిఫోల్డ్ అల్యూమినియం, అది కూడా వేడెక్కాలి.

— సార్, రెండూ సమానంగా పీలుస్తున్నాయని ఎలా తెలుసుకోవాలి? చెవితో తెలుస్తుందా?

తెలుస్తుందండి. మీటరు పొడవు రబ్బరు గొట్టం ఒక చివర చెవి దగ్గర, ఇంకో చివర కార్బ్యురేటర్ గొంతు అంచున ఒకే లోతులో పెట్టండి. బుస్సుమనే చప్పుడు రెండింట్లో ఒకేలా ఉండాలి. అలవాటైన చెవి ఆశ్చర్యపోయేంత ఖచ్చితంగా చెబుతుంది. అలవాటు లేకపోతే యూనిసిన్ అని ఒక పరికరం దొరుకుతుంది. గొంతు మీద పెడితే గాజు గొట్టంలో చిన్న ఫ్లోటు పైకి లేస్తుంది. ఈ ఇంజన్ మీద ఆ ఫ్లోటు కుదురుగా ఉండదు. ఇందాక చెప్పాను కదా, రెండు గుక్కలు, తర్వాత ఖాళీ. ఫ్లోటు ఎగిరెగిరి పడుతుంది. ఎంత పైకి, ఎంత కిందికి అని చూసి మధ్యస్థం తీసుకోండి. ఎక్కువసేపు ఉంచొద్దు, ఆ పరికరమే గాలికి అడ్డం కాబట్టి మిక్స్చర్ మారిపోతుంది. ఇంకో మాట, ముందు కార్బ్యురేటరు ఫ్యాను పక్కనే ఉంటుంది. మోడల్ ఏకి వచ్చిన అసలు ఫ్యాను రెండు రెక్కలది, బీటలు వారి రెక్క ఊడి ఎగిరిపోవడం దానికి మామూలే. ఫ్యాను రెక్కలు తిరిగే గీతలో నిలబడకండి. తల అసలు పెట్టకండి. వీలైతే కొత్త ఫ్యాను వేయించండి.

— ఒకటి ఎక్కువ పీలుస్తుంటే రెండోదాన్ని పెంచాలా?

వద్దు. ఎక్కువ పీల్చేదాన్ని తగ్గించండి. ఇది ఊరికే అలవాటు కాదు, కారణం ఉంది. బటర్‌ఫ్లై అంచు దగ్గర పెట్రోలు వచ్చే ఐడిల్ రంధ్రాలు ఒకదాని పైన ఒకటి ఉంటాయి. కిందిదాన్ని మిక్స్చర్ స్క్రూ ఏలుతుంది. పైది బటర్‌ఫ్లై తెరుచుకున్న కొద్దీ పనిలోకి వస్తుంది. ఐడిల్‌లోనే బటర్‌ఫ్లై ఎక్కువ తెరిచి ఉంటే పైరంధ్రం ముందే పెట్రోలు ఇచ్చేస్తుంది, మీ స్క్రూకి విలువ ఉండదు. రెండు కార్బ్యురేటర్లతో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఒక్కో దానికి సగం గాలే కావాలి, బటర్‌ఫ్లై దాదాపు మూసే ఉండాలి. స్క్రూ పూర్తిగా మూసినా ఇంజన్ ఆగకుండా నడుస్తోందంటే పెట్రోలు ఇంకో దారిలో వస్తోందని అర్థం. బటర్‌ఫ్లై ఎక్కువ తెరిచి ఉండొచ్చు, ఫ్లోట్ మట్టం పైకి ఉండొచ్చు, ఎక్కువ పవర్ కావాల్సినప్పుడు అదనపు పెట్రోలు ఇచ్చే పవర్ వాల్వు కారుతుండొచ్చు. 97లో పవర్ వాల్వు వ్యాక్యూమ్‌తో పనిచేయదు, యాక్సిలరేటర్ పంపు పిస్టన్ కిందికి పూర్తిగా వచ్చినప్పుడు దాన్ని నొక్కి తెరుస్తుంది. పాత కార్బ్యురేటర్లలో అది సరిగ్గా మూసుకోకపోవడం చాలా మామూలు.

గాలి సమానమయ్యాక మిక్స్చర్. ఒక్కో స్క్రూ చుట్టులో ఎనిమిదో వంతు తిప్పి, పది పదిహేను సెకన్లు ఆగండి. ఆగాలి. మ్యానిఫోల్డులో ముందే ఉన్న పెట్రోలు ఖర్చయ్యాక కదా కొత్త మిక్స్చర్ సంగతి తెలిసేది. లీన్ అయితే, అంటే పెట్రోలు తక్కువైతే, వేగం తగ్గి ఉండుండి తడబడుతుంది, కార్బ్యురేటర్‌లోకి టప్పుమని తుమ్ముతుంది. రిచ్ అయితే మొద్దుగా, బరువుగా, ఒకే లయలో ఊగుతూ నడుస్తుంది, సైలెన్సర్ వాసన కళ్లు మండిస్తుంది. లీన్ చేస్తూ వెళ్లి తడబాటు మొదలైన చోటి నుంచి కాస్త వెనక్కి రండి. ఒక కార్బ్యురేటర్ మీది రెండు స్క్రూలని మాత్రం సమానంగా ఉంచండి. రెండు గొంతులూ కిందికెళ్లి కలిసేది ఒకే పోర్టులో కాబట్టి, ఒకటి లీన్ ఇంకొకటి రిచ్ పెట్టి సగటు బాగుందనుకోవడం మోసం. వేగం పెరిగితే ఐడిల్ స్పీడు స్క్రూలు రెండూ సమానంగా తగ్గించి 600, 700 ఆర్‌పీఎం మధ్య ఉంచండి. మళ్లీ గాలి చూడండి. గాలి, మిక్స్చర్, మళ్లీ గాలి. రెండు మూడు రౌండ్లు తప్పవు.

ఇప్పుడు లింకేజి. రాడ్డు తగిలించినప్పుడు రెండు లివర్లలో ఏదీ వెంట్రుకవాసి కూడా కదలకూడదు. రాడ్డు పొడవు సర్దుకునేలా ఒక చివర కుడి మర, ఒక చివర ఎడమ మర ఉన్నది వేయండి. ఇది ఇంజన్ వేడిగా ఉన్నప్పుడే చేయాలని ఎందుకంటానంటే, కార్బ్యురేటర్ల మధ్య 20 సెంటీమీటర్లు ఉందనుకుందాం, అల్యూమినియం మ్యానిఫోల్డ్ 60 డిగ్రీలు వేడెక్కితే పావు మిల్లీమీటరు పైగా పొడవవుతుంది. పైన గాలిలో ఉన్న స్టీలు రాడ్డు అంత పెరగదు. ఐడిల్‌లో బటర్‌ఫ్లై తెరిచి ఉండేదే అతి సన్నగా. అక్కడ పావు మిల్లీమీటరు అంటే చాలా ఎక్కువ. పొద్దున చల్లగా ఉన్నప్పుడు సర్దిన బండి మధ్యాహ్నానికి తిక్కతిక్కగా నడవడానికి ఇదొక్కటి చాలు. రాడ్డు తగిలించాక 1500, 2000 ఆర్‌పీఎం దగ్గర కూడా గాలి సమానంగా ఉందో లేదో చూడండి. ఐడిల్‌లో సమానం, పైన తేడా అంటే లివర్ల కోణాలు ఒకేలా లేవన్నమాట.

ఒకటి ముందు తెరుచుకుని రెండోది తర్వాత తెరుచుకునే ప్రోగ్రెసివ్ లింకేజి గురించి కొందరు అడుగుతారు. వీ8 మీద మూడు కార్బ్యురేటర్లకి అది బాగుంటుంది. ఇక్కడ పోర్టుకొక దారి విడివిడిగా ఉన్న మ్యానిఫోల్డ్ మీద పెడితే సగం ఇంజన్ పస్తుంటుంది. రెండింటికీ మధ్య పెద్ద దారి ఉన్న మ్యానిఫోల్డ్ అయితే ఆలోచించొచ్చు. నేనైతే పెట్టను.

యాక్సిలరేటర్ పంపు గురించి ఒక్క ముక్క. కాలు నొక్కగానే ఒక్కో పంపూ పెట్రోలు చిమ్ముతుంది. ఇప్పుడు పంపులు రెండు, ఇంజన్ ఒకటే. 97లో పంపు లింకుకి మూడు రంధ్రాలుంటాయి, తక్కువ పెట్రోలు చిమ్మే దానితో మొదలుపెట్టండి. నొక్కగానే నల్లపొగ వస్తే ఎక్కువ, తుమ్మితే తక్కువ.

పెట్రోలుని కొలిచి వదిలే చిన్న చిల్లులు, అంటే మెయిన్ జెట్లు, ఏ సైజు కావాలో రోడ్డు మీద తేలుతుంది. 97కి ఫోర్డ్ ఇచ్చింది 45, అంటే 0.045 అంగుళం, అది వీ8 మీద ఒంటరిగా ఉన్నప్పటి సైజు. ఇక్కడ దాంతో మొదలుపెట్టి ఒక్కో సైజు మార్చుకుంటూ, ఎప్పుడూ రెండింటిలో, అంటే నాలుగు జెట్లూ ఒకేసారి మార్చుకుంటూ వెళ్లాలి.

ఈ మధ్య అందరూ సైలెన్సర్ పైపులో వైడ్‌బ్యాండ్ సెన్సర్ పెడుతున్నారు, ఒక పాలు పెట్రోలుకి ఎన్ని పాళ్ల గాలి ఉందో అది చూపిస్తుంది. మంచిదే, ఫుల్ థ్రాటిల్‌లో 12.5 నుంచి 13 మధ్య చూపిస్తే నిశ్చింతగా ఉండొచ్చు. కానీ నాలుగు పైపులూ కలిసిన చోట సెన్సర్ పెడితే అది చెప్పేది సగటు. ఒక గదిలో ఒకడికి జ్వరం మండిపోతోంది, పక్కవాడి ఒళ్లు చల్లబడిపోతోంది, సగటు తీస్తే ఇద్దరూ ఆరోగ్యవంతులే. ముందు పోర్టు లీన్, వెనక పోర్టు రిచ్ అయినా మీటరు మీద అంకె ముచ్చటగా ఉంటుంది. ఈ ఇంజన్‌కి ఎగ్జాస్ట్ పోర్టులు నాలుగూ విడివిడిగా ఉండటం మన అదృష్టం. చేతిలో పట్టుకునే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో పైపు మొదట్లో, బ్లాకు నుంచి ఒకే దూరంలో, నాలుగూ చూడండి. మళ్లీ చెప్తున్నా, 1ని 4తో, 2ని 3తో. 1, 4 ఒకటిగా ఉండి, 2, 3 ఒకటిగా ఉండి, ఈ జంటకీ ఆ జంటకీ తేడా ఉందంటే కార్బ్యురేటర్ పని అయిపోయినట్టే. స్క్రూడ్రైవర్ లోపల పెట్టేయండి.

ప్రశ్నలు ఉంటే అడగండి.

— ప్లగ్గు రంగు చూడొద్దంటారా?

చూడండి, కానీ ఐడిల్‌లో నడిపి ఇంటికొచ్చాక తీసిన ప్లగ్గు ఐడిల్ గురించే చెబుతుంది. ఫుల్ థ్రాటిల్ సంగతి కావాలంటే ఫుల్ థ్రాటిల్‌లో లాగి, అక్కడే ఇంజన్ ఆపి, క్లచ్ నొక్కి బండిని పక్కకి దొర్లించి తీయాలి. మన ఔటర్ రింగ్ రోడ్డు మీద మాత్రం ఆ పని చేయకండి. (నవ్వులు) పైగా ఇప్పటి సీసం లేని పెట్రోలు పూర్వంలా రంగు పట్టదు. గోధుమ రంగు కోసం చూస్తూ కూర్చుంటే రిచ్ చేసుకుంటూ పోతారు.

— ఇక్కడ ఇప్పుడు ఈ20 పెట్రోలు కదా సార్. పాత బళ్లకి జెట్ మార్చాలా?

మార్చాల్సి రావచ్చు. మామూలు పెట్రోలు పూర్తిగా మండటానికి ఒక పాలు పెట్రోలుకి 14.7 పాళ్ల గాలి కావాలి. 20 శాతం ఇథనాల్ కలిస్తే ఆ అంకె సుమారు 13.5కి దిగుతుంది. అంటే అవే జెట్లతో బండి 8 శాతం దాకా లీన్‌గా నడుస్తుంది. జెట్‌లో చూడాల్సింది వైశాల్యం కాబట్టి వ్యాసం 4 శాతం పెంచితే సరిపోతుంది. 45 ఉంటే 47. అమెరికాలో మాకు ఎక్కువగా 10 శాతం ఇథనాలే, 46 చాలు. అయితే జెట్ కంటే ముందు రబ్బరు గొట్టాలు, కార్క్ ప్యాకింగులు చూసుకోండి, ఇథనాల్ ముందు వాటినే తింటుంది. నెలల తరబడి బండి కదపకపోతే బౌల్ ఖాళీ చేసి పెట్టండి, అడుగున పచ్చటి పాచిలా పేరుకుని జెట్ మూసుకుపోతుంది. ముందు శుభ్రం చేసి చూడండి, ఆ తర్వాతే పెద్ద జెట్ కొనండి.